ఒకటి రెండు మైకులతో మొదలుపెట్టి డ్రమ్ కిట్ రికార్డ్ చేసుకోవడం ఎలా

డ్రమ్స్ రికార్డ్ చేద్దామనుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగే మాట ఒకటే, "అన్నా, ఎన్ని మైకులు కావాలి?" వీడియోల్లో చూస్తే స్నేర్‌కి (కింద తీగలుండే చిన్న డ్రమ్) పైన ఒకటి కింద ఒకటి, కిక్‌కి (కాలితో వాయించే పెద్ద డ్రమ్) లోపలొకటి బయటొకటి, ప్రతి టామ్‌కీ (మిగతా డ్రమ్స్) ఒకటి, హై-హ్యాట్‌కి (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్, అంటే లోహపు పళ్లేలు) ఒకటి, ఓవర్‌హెడ్స్ (కిట్ పైన పెట్టే మైకులు) రెండు, గదికి రెండు, లెక్కేస్తే పది దాటిపోతాయి. మన దగ్గర చూసుకుంటే మైకుల్ని లాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు (కరెంటు కావాల్సిన సున్నితమైన రకం), స్టేజి మీద పాటలకి వాడే ఎస్ఎం58 ఒకటి, అంతే. దాంతో చాలామంది అక్కడే ఆగిపోయి లాప్‌టాప్‌లో డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసేసుకుంటారు, పక్క గదిలో నిజమైన కిట్, దాన్ని అద్భుతంగా వాయించే మనిషి ఉన్నా సరే. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

నేను ఎక్కువగా చేసింది 10 బై 12 గదుల్లో, క్రిస్మస్ పాటల సీజన్‌లో చర్చి హాళ్లలో. చాలాసార్లు రెండు మైకులు, బాగా దొరికిన రోజు నాలుగు. వీటన్నిటిలో నాకు పనికొచ్చిన పద్ధతి ఏంటంటే, ఒక్క మైకు పెట్టి వింటే అది డ్రమ్ కిట్ లాగా వినబడాలి. అది వినబడేదాకా రెండో మైకు తియ్యకూడదు. రెండోది పెట్టాక మొదటిదానికంటే బాగుంటేనే ఉంచాలి, లేకపోతే తీసి పక్కన పెట్టాలి. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

మొదటి పని: మైకు ముట్టుకోకముందు

పది మైకులుంటే ఒక టామ్ బాగోకపోయినా ఆ ఒక్క ట్రాక్‌ని తగ్గించుకోవచ్చు, గేట్ (మెల్లటి శబ్దాల్ని మూసేసేది) వేసుకోవచ్చు, శాంపిల్ (ముందే రికార్డ్ చేసిన దెబ్బ) పెట్టుకోవచ్చు. రెండే ఉన్నప్పుడు అలా కుదరదు, అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉంటాయి కాబట్టి కిట్ ఎలా మోగితే రికార్డింగ్ అలాగే వస్తుంది. అందుకే ట్యూనింగ్ మీద కనీసం గంట పెట్టండి. డబ్బులు తక్కువుంటే ఇంకో మైకు కొనే బదులు స్నేర్‌కీ టామ్స్‌కీ పైన కొత్త స్కిన్స్ వేయించండి, నేనైతే ఏ రోజైనా అదే చెప్తాను. గుంటలు పడిన పాత స్కిన్‌ని ఎంత ట్యూన్ చేసినా నిలవదు.

టామ్‌ని స్టాండ్ మీంచి తీసి ఒక దిండు మీద పెట్టండి, అప్పుడు కింది స్కిన్ మోగకుండా పైది ఒక్కటే వినబడుతుంది. లగ్స్ (అంచు చుట్టూ ఉండే బిగింపు బోల్టులు) అన్నీ లూజ్ చేసి, ముందు వేళ్లతోనే బిగించి, తర్వాత డ్రమ్ కీతో సగం చుట్టు చొప్పున తిప్పండి. పక్కపక్కవి వరసగా కాదు, ఎదురెదురువి, కారు టైరు నట్లు బిగిస్తాం చూడండి అలా. తర్వాత ప్రతి లగ్ దగ్గర అంచు నుంచి ఓ అంగుళం లోపల స్టిక్‌తో మెల్లగా తట్టి వినండి, అన్నిచోట్లా ఒకే శ్రుతి రావాలి, ఎక్కడ తగ్గితే అక్కడ కొంచెం బిగించాలి. ఇప్పుడు తిరగేసి కింది స్కిన్ కూడా అలాగే. కింది స్కిన్‌ని పైదానికంటే కాస్త ఎక్కువ బిగిస్తే చిన్న గదిలో టామ్ నీట్‌గా వస్తుందని నా అనుభవం, కానీ ఇది పాటని బట్టి మారుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. స్నేర్ దగ్గర కూర్చుని వింటే 'టంగ్' మని మోగుతూ చిరాకు పుట్టిస్తుంది, వెంటనే దాని మీద టిష్యూ మడిచి టేపేసి, ఆపైన పర్సు కూడా పెట్టేస్తారు. దగ్గర మైకుకి అది బాగానే ఉంటుందేమోగానీ మన మైకు ఉండేది మీటరు దూరంలో. దగ్గర ఎక్కువ అనిపించిన మోతే మీటరు దూరంలో స్నేర్‌కి ప్రాణం, దాన్ని చంపేస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టు వస్తుంది. కాబట్టి డ్యాంపింగ్ ఎంత వెయ్యాలో డ్రమ్మర్ స్టూల్ దగ్గర కూర్చుని డిసైడ్ చెయ్యొద్దు, మైకు పెట్టాక హెడ్‌ఫోన్స్‌లో విని చెయ్యండి. కిక్‌లో మాత్రం ఒక చిన్న దిండు రెండు స్కిన్స్‌నీ కొంచెం తాకేలా పెడితే చాలు.

చప్పుళ్లు కూడా చూసుకోవాలి. పెడల్ కిర్రుమంటే కుట్టుమిషన్ ఆయిల్ ఒక చుక్క, స్టూల్ కిర్రుమంటే బోల్టులు బిగింపు, సింబల్ స్టాండ్లకి వదులైన నట్లుంటే అవీ బిగించాలి. టామ్ కొట్టినప్పుడు స్నేర్ వైర్లు జరజరమనడం మామూలే, మరీ ఎక్కువైతే ఆ టామ్ శ్రుతి కొంచెం మార్చి చూడండి.

రెండో పని: గది

10 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది, కిక్ డ్రమ్ బరువు ఉండేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే. గది మధ్యలో కిట్ పెడితే కిక్ సన్నబడిపోతుంది, మూలలో పెడితే బూమ్ బూమ్ మంటుంది. ఈ రెండిటి మధ్యలో ఎక్కడో మంచి చోటు ఉంటుంది, దాన్ని లెక్కలతో కనుక్కునే కంటే ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నిలబడే పెద్ద టామ్) ఒక్కదాన్ని చేత్తో పట్టుకుని గదిలో నాలుగైదు చోట్ల పెట్టి కొట్టి చూడటం తేలిక, ఎక్కడ నిండుగా మోగితే అక్కడ కిట్ పెట్టండి. కింద తివాచీ తప్పనిసరి, కిట్ జారదు, టైల్స్ మీంచి శబ్దం తిరిగి రాదు.

చిన్న గదుల్లో నిజమైన శత్రువు నెత్తిమీద స్లాబ్. ఓవర్‌హెడ్ మైకు స్లాబ్‌కి అడుగున్నర దూరంలో ఉంటే సింబల్ శబ్దం స్లాబ్‌కి తగిలి వెంటనే మైకులోకి వచ్చి గరగరమంటుంది. మైకుకి సరిగ్గా పైన ఒక మందపాటి బొంతనో, పలచటి పరుపునో తాళ్లతో కట్టగలిగితే మీకు తేడా వెంటనే తెలుస్తుంది. కట్టడం కుదరకపోతే మైకుని కిందికి దించండి. డ్రమ్మర్ వెనక గోడకి పరుపు నిలబెట్టండి, బట్టలున్న బీరువా తలుపులు తెరిచి పెట్టండి, కిటికీలకి దుప్పట్లు. గుడ్ల అట్టలు అంటించే పని మాత్రం పెట్టుకోవద్దు, అవి ఆపేది దాదాపు ఏమీ ఉండదు.

చర్చి హాల్ లాంటి పెద్ద చోటు దొరికితే అది వరమే, పైకప్పు ఎత్తు, గోడలు దూరం. కానీ ఖాళీ హాల్లో మోత ఎక్కువ కాబట్టి మైకులు కొంచెం దగ్గరికి లాక్కోవాలి, లేదా ఆ మోతనే వాడుకోవాలి. 1971లో వచ్చిన, లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బ్యాండ్ నాలుగో ఆల్బమ్‌లో చివరి పాటకి డ్రమ్స్ ఎలా రికార్డ్ చేశారో తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల హాల్లో కింద కిట్ పెట్టి, పై అంతస్తు నుంచి రెండు బేయర్‌డైనమిక్ ఎం160 మైకులు వేలాడదీశాడు ఇంజినీర్ ఆండీ జాన్స్. ఆ సౌండ్ ఆ రెండు మైకులదే, ఇప్పటికీ దాన్ని శాంపిల్ చేస్తూనే ఉన్నారు.

మూడో పని: డ్రమ్మర్ చేతులు

దీని మీద ఎంత చెప్పినా తక్కువే. మైకులు తక్కువున్నప్పుడు మిక్సింగ్ బోర్డు డ్రమ్మర్ చేతుల్లోనే ఉంటుంది. మనవాళ్లలో చాలామంది స్టేజీ మీద వాయించి అలవాటుపడ్డవాళ్లు, అక్కడ హై-హ్యాట్, క్రాష్ సింబల్ గట్టిగా కొట్టకపోతే వినబడదు, కిక్‌కి ఎలాగూ మైకు ఉంటుంది. ఆ అలవాటుతోనే ఇక్కడ వాయిస్తే ఓవర్‌హెడ్ నిండా సింబల్సే, స్నేర్ ఎక్కడో వెనక నుంచి వినబడుతుంది, దాన్ని తర్వాత ఏ ఈక్యూతోనూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించేది) విడదీయలేం.

ఇలా చెప్పండి: "అన్నా, హై-హ్యాట్ సగం బలంతో కొట్టు, స్నేర్ మాత్రం మధ్యలో గట్టిగా, ప్రతిసారీ ఒకే చోట." చెప్పి ఊరుకోవద్దు, ముప్పై సెకన్లు రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్ డ్రమ్మర్ చెవులకే పెట్టండి. నేను ఓ తమ్ముడికి పది నిమిషాలు నోటితో వివరించాను, తల ఊపాడు, మళ్లీ అలాగే కొట్టాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించగానే "అయ్యో అన్నా, హ్యాట్ ఒక్కటే ఉంది కదా" అని వాడే అన్నాడు, తర్వాతి టేక్‌లో సమస్యే లేదు. సింబల్స్‌ని ఓ నాలుగైదు అంగుళాలు పైకి లేపితే కూడా స్నేర్, టామ్స్ మీద వాటి దాడి తగ్గుతుంది. సన్న స్టిక్స్, పలచటి సింబల్స్ ఉంటే అవి వాడమనండి.

నాలుగో పని: లెవెల్స్, కరెంటు

సెషన్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. గెయిన్ (మైకు శబ్దం ఎంత లోపలికి రావాలో) సెట్ చేసేటప్పుడు పాటలో అన్నిటికంటే గట్టిగా కొట్టే భాగం వాయించమనండి, పీక్స్ (మీటరు చేరే అతి ఎక్కువ స్థాయి) మైనస్ 12 డిబి దగ్గర ఉండేలా చూసుకోండి, ఎందుకంటే చెకింగ్‌లో మెల్లగా కొట్టిన మనిషి అసలు టేక్‌లో ఊపొచ్చి ఇంకా గట్టిగా కొడతాడు, ఇది దాదాపు ప్రతిసారీ జరిగేదే. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చెయ్యడం మర్చిపోవద్దు, మైకుకి ప్యాడ్ స్విచ్ (శబ్దాన్ని తగ్గించేది) ఉంటే దగ్గర పెట్టినప్పుడు వాడండి.

హమ్ (గుయ్యిమనే కరెంటు మోత) వస్తుంటే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, సగం ఇళ్లలో గొడవ అదే. ఫ్యాన్, ఏసీ ఆపాలి, అందుకే ఎండాకాలం అయితే పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ముగించండి, ఆ టైంలో రోడ్డు మీద హారన్లు కూడా తక్కువ.

ఒక్క మైకుతో

ఇప్పుడు అసలు పని. డ్రమ్మర్‌ని పాటలోని మెయిన్ బీట్ ఆపకుండా వాయించమని చెప్పి, మీరు ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవిని మైకు అనుకుని కిట్ చుట్టూ తిరగండి. ముందు నిలబడి, వంగి, డ్రమ్మర్ కుడి భుజం వెనక, ఫ్లోర్ టామ్ పక్కన. దగ్గర్లో శబ్దం చాలా గట్టిగా ఉంటుంది, ఎక్కువసేపు తిరగొద్దు, చెవులు జాగ్రత్త. కిక్, స్నేర్, హ్యాట్ మూడూ సమానంగా వినబడే చోటు ఒకటి తగులుతుంది, అక్కడ మైకు పెట్టండి.

నాకు ఎక్కువసార్లు తగిలిన చోట్లు రెండు. ఒకటి డ్రమ్మర్ కుడి భుజం మీదుగా, చెవి ఎత్తులో, స్నేర్‌కీ కిక్ పెడల్‌కీ మధ్యలోకి చూస్తూ. డ్రమ్మర్ వింటున్నదే మైకూ వింటుంది కాబట్టి బ్యాలెన్స్ సహజంగా ఉంటుంది. రెండోది కిట్ ముందు, కిక్‌కి మూడు నాలుగు అడుగుల దూరంలో, ఛాతీ ఎత్తులో, స్నేర్ వైపు చూస్తూ. ఇక్కడ కిక్ ఎక్కువ, గది ఎక్కువ. హాల్లో ఇది బాగుంటుంది, చిన్న గదిలో మొదటిదే మేలు.

ఏం తగ్గితే ఏం చెయ్యాలంటే: కిక్ చాలకపోతే మైకుని కిందికి దించండి, స్నేర్ చాలకపోతే మైకు ముఖం స్నేర్ వైపు తిప్పండి, సింబల్స్ ఎక్కువైతే మైకుని సింబల్స్ మట్టం కంటే కిందికి తెచ్చేయండి లేదా కండెన్సర్ తీసేసి డైనమిక్ (ఎస్ఎం58 రకం) పెట్టి చూడండి, ఎస్ఎం57 లాంటిది సింబల్స్ మెరుపుని కొంత మింగేస్తుంది, చౌక కండెన్సర్ల గరగర కంటే అదే బాగున్న సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మారుస్తూ ముప్పై సెకన్లు రికార్డ్ చేసి వినండి. పది సార్లయినా పర్లేదు. నాలుగు అంగుళాల మార్పు ఎంత తేడా తెస్తుందో మీకే తెలుస్తుంది.

రెండు మైకులతో

రెండోది ఎక్కడ అంటే నా సలహా కిక్‌కే. రెండు ఓవర్‌హెడ్స్ పెట్టి స్టీరియో తీసుకుందామని ఆశ పుడుతుంది, నిజమే, కానీ పైన గిటార్లు, కీబోర్డు, కోరస్ వచ్చాక ఆ వెడల్పు ఎవరికీ వినబడదు, కిక్ లేని లోటు మాత్రం అందరికీ వినబడుతుంది. పాటలో వాయిద్యాలు తక్కువై డ్రమ్స్‌కి చోటెక్కువ ఉంటే అప్పుడు రెండు ఓవర్‌హెడ్స్ ఆలోచించండి.

కిక్ ముందు స్కిన్‌కి రంధ్రం ఉంటే మైకుని ఆ రంధ్రంలోంచి రెండు మూడు అంగుళాలు లోపలికి. ఇంకా లోపలికి, బీటర్ (పెడల్ సుత్తి) తగిలే చోటుకి దగ్గరగా పోతే 'టక్' అనే దెబ్బ ఎక్కువ, బయటికొస్తే 'ధుం' ఎక్కువ. రంధ్రం సరిగ్గా మధ్యలో నిలబెడితే గాలి తోసినప్పుడు మైకు భుస్సుమంటుంది, కొంచెం పక్కకి తిప్పండి. రంధ్రం లేకపోతే ముందు స్కిన్‌కి నాలుగైదు అంగుళాల దూరంలో. ఏకేజీ డి112 లాంటి కిక్ మైకు లేకపోతే కంగారు పడొద్దు, ఎస్ఎం58 పెట్టి తర్వాత 60 నుంచి 80 హెర్ట్జ్ మధ్య పెంచితే పాటకి సరిపడా బరువు వస్తుంది.

మూడు మైకులు, ఒక దారం

మూడోది వచ్చిందంటే పైన రెండు మైకులు, కిక్‌కి ఒకటి. ఇక్కడే ఫేజ్ గొడవ మొదలవుతుంది, కాబట్టి ఇది నెమ్మదిగా చదవండి.

శబ్దం గాలిలో సెకనుకి 343 మీటర్ల దాకా పోతుంది, అంటే ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. ఒక మైకు స్నేర్ నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో, ఇంకోటి 107లో ఉన్నాయనుకోండి, తేడా 17, అంటే అదే దెబ్బ రెండో మైకుకి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాకులూ కలిపితే 1000 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి తోస్తుంటే ఇంకోటి కిందికి లాగి అక్కడ గొయ్యి పడుతుంది, 3000 దగ్గర ఇంకోటి, 5000 దగ్గర ఇంకోటి. ఒక్కో మైకు విడిగా వింటే బ్రహ్మాండంగా ఉండి, రెండూ కలిపితే స్నేర్ డొల్లగా అయిపోయిందంటే కారణం ఇదే. మందు కూడా తేలికే, స్నేర్ నుంచి రెండు మైకులకీ దూరం సమానంగా ఉండాలి. దానికి కావాల్సింది సాగని దారం ఒకటి, పూలు గుచ్చే దారమైనా సరే, ఒక టేపు.

మొదటి పద్ధతిని రికార్డర్‌మ్యాన్ అంటారు, చిన్న గదులకి నేను దీన్నే వాడతాను. మొదటి మైకు స్నేర్ మధ్యకి సరిగ్గా పైన, రెండు డ్రమ్ స్టిక్స్ నిలువుగా పెట్టినంత ఎత్తులో. మామూలు 5ఏ స్టిక్ 16 అంగుళాలు, అంటే 32 అంగుళాలు. రెండోది డ్రమ్మర్ కుడి భుజం పైన, స్నేర్ వైపు చూస్తూ, అదీ రెండు స్టిక్స్ దూరంలోనే. ఇప్పుడు దారం. ఒక కొసని స్నేర్ మధ్యలో టేపుతో అంటించండి. రెండో కొసని కిక్‌కి, డ్రమ్మర్ వైపు బీటర్ తగిలే చోట అంటించండి. మధ్యలో దారాన్ని పైకి లాగి మొదటి మైకు మూతి దగ్గర బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా పట్టుకోండి, రెండు పాయలూ బిగుతుగా ఉండాలి. ఆ పట్టు వదలకుండా, వేళ్లు ఒక్క నూలు కూడా జరగకుండా, అలాగే డ్రమ్మర్ భుజం వైపు తీసుకెళ్లండి. ఎక్కడ రెండు పాయలూ మళ్లీ ఒకేసారి బిగుస్తాయో, అక్కడే రెండో మైకు మూతి ఉండాలి. ఒక పాయ వదులైతే చోటు తప్పినట్టు. వేరే మనిషి స్టాండ్ పట్టుకుని మీ వేళ్ల దగ్గరికి మైకు తెస్తే పని రెండు నిమిషాలు. ఇలా పెడితే స్నేర్, కిక్ రెండూ రెండు మైకులకీ ఒకేసారి చేరతాయి, స్టీరియోలో రెండూ మధ్యలో స్తంభంలా నిలబడతాయి.

రెండో పద్ధతి గ్లిన్ జాన్స్‌ది, పైన చెప్పిన ఆండీకి అన్నయ్య. 1968లో లండన్ ఒలింపిక్ స్టూడియోలో లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ చేస్తున్నప్పుడు అనుకోకుండా దొరికిన పద్ధతి ఇది. ఒక మైకు స్నేర్‌కి పైన 40 అంగుళాల ఎత్తులో, రెండోది ఫ్లోర్ టామ్‌కి అవతలి పక్క, దాని అంచు కంటే ఓ అరడుగు పైన, ఫ్లోర్ టామ్ మీదుగా స్నేర్, హై-హ్యాట్ వైపు చూస్తూ. దారంతో స్నేర్ నుంచి రెండిటి దూరం సమానం చెయ్యాలి, ఇక్కడ కిక్ కొలత అక్కర్లేదు. పక్క మైకు కిందగా ఉండటంతో ఫ్లోర్ టామ్ ఒళ్లు మొత్తం వినబడుతుంది, అందుకే తీన్మార్ తరహా బీట్లు కిట్ మీద వాయించేవాళ్లకి, ఫ్లోర్ టామ్, స్నేర్ మీదే ఎక్కువ నడిపేవాళ్లకి ఇది బాగా కుదురుతుంది. గది మాత్రం కాస్త పెద్దదై ఉండాలి, 9 అడుగుల స్లాబ్ కింద 40 అంగుళాలు పైకి పెడితే మైకు స్లాబ్‌కి ఇంకా దగ్గరవుతుంది. పాన్ చేసేటప్పుడు (ట్రాక్‌ని ఎడమకో కుడికో జరపడం) రెండిటినీ చివరిదాకా లాగేయొద్దు, సగం సగం చాలు.

పైన స్టాండ్ పెట్టినప్పుడు దాని కాళ్ల మీద ఇటుకో, ఇసుక సంచో పెట్టండి. సింబల్ తగిలి పొడుగాటి బూమ్ స్టాండ్ పక్కకి వాలడం ఒకసారి చూశాను, మైకుని ఆఖరి క్షణంలో పట్టుకున్నాం.

జూమ్ హెచ్4ఎన్ లాంటి రికార్డర్ ఎవరి దగ్గరైనా ఉంటే అదో మంచి దారి. దాని పైనున్న రెండు మైకులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి వాటి మధ్య ఫేజ్ గొడవ దాదాపు ఉండదు, దాన్నే ఓవర్‌హెడ్‌గా కట్టి, కింద ఉన్న రెండు ఇన్‌పుట్లకి కిక్, స్నేర్ మైకులు పెట్టి నాలుగు ఛానళ్ల మోడ్‌లో రికార్డ్ చేసుకోవచ్చు.

నాలుగో మైకు

స్నేర్‌కి. ఎస్ఎం57 ఉంటే అదే, 1965 నుంచీ ఆ పని చేస్తోంది. అంచుకి ఒక అంగుళం పైన, ఒక అంగుళం లోపలికి, స్కిన్ మధ్యలోకి చూస్తూ, మైకు వీపు హై-హ్యాట్ వైపు ఉండేలా. వీపు వైపు ఆ మైకు తక్కువ వింటుంది కాబట్టి హ్యాట్ కొంత తగ్గుతుంది. ఓవర్‌హెడ్స్‌లోనే స్నేర్ బ్రహ్మాండంగా ఉంటే ఈ మైకుని ఇక్కడ వాడకుండా కిట్‌కి దూరంగా తలుపు దగ్గర పెట్టి గది సౌండ్ తీసుకోండి, నాకు అలా కుదిరిన పాటలు ఉన్నాయి.

ఫేజ్ బటన్

మైకులన్నీ పెట్టాక ఎనిమిది బార్లు రికార్డ్ చేసి, అన్నీ మధ్యకి పాన్ చేసి మోనోలో వినండి. ముందు ఓవర్‌హెడ్ ఒక్కటే. దానికి రెండోది కలిపి ఫేజ్ బటన్ (ఆ ట్రాక్ తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, తీసి, నొక్కి వినండి, ఏ పొజిషన్‌లో స్నేర్ లావుగా ఉంటే అది ఉంచండి. తర్వాత కిక్ కలిపి అదే పని, ఇక్కడ చూడాల్సింది అడుగు బరువు. తర్వాత స్నేర్. ఇంటర్‌ఫేస్‌లో బటన్ లేకపోయినా రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మీద ఉంటుంది, కొన్నిటిలో ప్లగిన్‌గా దొరుకుతుంది.

స్నేర్ దగ్గర మైకుకి, మీటరు పైనున్న ఓవర్‌హెడ్‌కి మధ్య ఎలాగూ దాదాపు 2.8 మిల్లీసెకన్ల తేడా ఉంటుంది, 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల కొలతల్లో, దాదాపు 134 శాంపిల్స్ (కొలతలు). కొంతమంది ట్రాక్‌ని అంత జరిపి కలిపేస్తారు. చేసి చూడొచ్చు, దెబ్బ గట్టిపడుతుంది, కానీ గది లోతు కొంచెం పోతుంది, నేను జరపకుండా బటన్‌తోనే సరిపెట్టుకుంటాను.

టేక్

క్లిక్ (తాళం చూపే టిక్ టిక్) ఇచ్చే హెడ్‌ఫోన్స్ చెవులు పూర్తిగా మూసేవి అయ్యుండాలి. ఒకసారి పాట చివర క్రాష్ మోత మెల్లగా చల్లారుతుంటే దాని కింద టిక్ టిక్ టిక్ అని క్లిక్ స్పష్టంగా వినబడింది, ఆ టేక్ అంతా బాగుంది, చివర మాత్రం మళ్లీ వాయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి చివరి దెబ్బ దగ్గర క్లిక్ ఆగిపోయేలా ముందే సెట్ చేసుకుంటున్నాను. పాట మొత్తం కనీసం మూడు టేకులు తీసుకోండి, ఓవర్‌హెడ్‌లో అన్నీ కలిసుంటాయి కాబట్టి ఒక్క స్నేర్ దెబ్బ మార్చడం కుదరదు, బార్లు బార్లుగానే మార్చుకోవాలి. అతికేటప్పుడు క్రాష్ మోగుతున్న చోట కోయొద్దు, తెలిసిపోతుంది.

మిక్స్

ఓవర్‌హెడ్ ఫేడర్ (వాల్యూమ్ మీట) ముందు పైకి తేవాలి, అదే కిట్. కిక్, స్నేర్ దానికి సాయం మాత్రమే, అవి విడిగా వినబడుతున్నాయి అనిపిస్తే ఎక్కువైనట్టు. పది మైకుల వీడియోల్లో ఓవర్‌హెడ్స్‌ని 200, 300 హెర్ట్జ్ కింద మొత్తం కోసేయమంటారు, మనం అలా చేస్తే టామ్స్ అన్నీ మాయమైపోతాయి, మన టామ్స్ ఉన్నది అక్కడే కదా. 40, 50 దాకా కోస్తే చాలు. డబ్బా సౌండ్ ఉంటే 300 నుంచి 500 మధ్య కొంచెం తగ్గించండి. కిక్‌లో కూడా అదే చోట తగ్గించి, 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచితే చిన్న ఫోన్ స్పీకర్లో కూడా దెబ్బ వినబడుతుంది.

కంప్రెసర్ (గట్టి శబ్దాల్ని నొక్కేది) మొత్తం డ్రమ్స్ బస్ (డ్రమ్ ట్రాకులన్నీ కలిసే ఛానల్) మీద 4:1, అటాక్ 30 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 చుట్టుపక్కల, సూది మూడు డిబి కదిలితే చాలు. ఇంకా నొక్కితే సింబల్స్ ఉబ్బి పైకొస్తాయి. బరువు ఇంకా కావాలంటే అదే బస్‌ని కాపీ చేసి, కాపీని గట్టిగా నొక్కి, పైన 6 కిలోహెర్ట్జ్ నుంచి కోసేసి, అసలుదాని కింద కొంచెం కలపండి.

ఆఖరుగా, టేకులన్నీ అయిపోగానే కిట్ విప్పేయొద్దు. మైకులు కదపకుండా డ్రమ్మర్‌ని ఒక్కో డ్రమ్ విడివిడిగా, మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ఒక్కోటి నాలుగైదు సార్లు కొట్టించి, మోత పూర్తిగా ఆగేదాకా రికార్డ్ చేసుకోండి. తర్వాత ఒక స్నేర్ దెబ్బ బలహీనంగా పడిందని తెలిస్తే అదే గదిలో, అదే మైకుల్లో పడిన దెబ్బే కింద అతికించొచ్చు. స్టాండ్ కాళ్లు ఉన్నచోట నేల మీద టేపు ముక్కలు వేసి, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, స్నేర్ నుంచి ప్రతి మైకుకీ ఉన్న దూరం సెంటీమీటర్లలో నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇంటర్‌ఫేస్ గెయిన్ నాబ్ ఎక్కడుందో కూడా. రేపు రెండో పాటకి అదే సౌండ్ కావాలంటే ఆ పేజీ తెరిస్తే సరిపోతుంది.